సి.ఎన్.ఆర్. రావు - హెచ్-ఇండెక్స్

జననం: 1934 జూన్ 30, బెంగళూరు. రంగం: ఘనస్థితి రసాయనశాస్త్రం. పరిశోధన పత్రాలు: 1,500కు పైగా. భారతరత్న: 2014. సి.వి. రామన్ (1954), అబ్దుల్ కలాం (1997) తర్వాత ఈ పురస్కారం అందుకున్న మూడో శాస్త్రవేత్త. ఈ వరుస తప్పక గుర్తుంచుకోండి.

హెచ్-ఇండెక్స్ ప్రతిపాదన: 2005, భౌతిక శాస్త్రవేత్త జార్జ్ హిర్ష్. రావు హెచ్-ఇండెక్స్ 100 దాటింది. అంటే కనీసం 100 పత్రాల్లో ఒక్కొక్కటీ కనీసం 100 సార్లు ఉదహరింపు పొందింది. పరీక్షలో నిర్వచనం కంటే లెక్క అడిగే అవకాశమే ఎక్కువ. ఐదు పత్రాలకు వరుసగా 10, 8, 5, 4, 3 ఉదహరింపులుంటే హెచ్-ఇండెక్స్ 4. మొత్తం ఉదహరింపులు 30 కదా అని 30 గుర్తించకండి, సగటు 6 కూడా జవాబు కాదు.

ఎక్కువమంది తడబడేది ఇక్కడే: హెచ్-ఇండెక్స్ పరిశోధకుడిది, ఇంపాక్ట్ ఫ్యాక్టర్ పత్రికది. రెండోదాని రూపకర్త యూజీన్ గార్‌ఫీల్డ్.