ఘాటెక్కే ముందు డిక్కీ తెరవండి

కుప్పం బండికి చదును దారి కొంతవరకే. చిత్తూరు పోవాలంటే పలమనేరు దాటాక మొగిలి ఘాట్ దిగాలి. మదనపల్లెకు చుట్టాలొస్తే హార్స్‌లీ హిల్స్ చూపించాలి. కారులో ఎంత బరువుందో ఈ దారుల్లోనే తెలుస్తుంది.

1. ముందు డిక్కీ ఖాళీ చెయ్యండి. పోయిన పండక్కి తెచ్చిన టెంకాయలు, మార్చేసిన పాత బ్యాటరీ, ఊరికి చేర్చాల్సిన రాగుల మూట, అన్నీ అందులోనే ఉంటాయి. చిన్న కారు బరువే ఎనిమిది, తొమ్మిది వందల కిలోలు. దానికి యాభై కిలోలంటే తక్కువేం కాదు.

2. దీంతో పెట్రోలు డబ్బులు బోలెడు మిగులుతాయనుకోకండి. 2018లో వచ్చిన స్విఫ్ట్ పాతదానికంటే సుమారు 85 కిలోలు తగ్గింది. కంపెనీ చెప్పిన మైలేజీ లీటరుకు 20.4 నుంచి 22 కిలోమీటర్లకు పెరిగింది, అంతే. మదనపల్లె నుంచి హార్స్‌లీ కొండకు ఎత్తు తేడా 550 మీటర్ల పైచిలుకు. వంద కిలోలు అదనంగా అంత పైకి మోయడానికి పట్టే పెట్రోలు, నా లెక్కన, వంద మిల్లీలీటర్లలోపే. అసలు లాభం పికప్‌లో ఉంది. మలుపు తిరిగాక బండి రొప్పదు, రెండో గేరుకు దిగాల్సిన చోట మూడోదే లాగేస్తుంది. లారీని దాటేటప్పుడు ఆ తేడా ప్రాణాలు కాపాడుతుంది.

3. దిగేటప్పుడు బరువంతా బ్రేకుల మీదే పడుతుంది. బండి బరువెక్కిన కొద్దీ అవి ఎక్కువ వేడెక్కి పట్టు వదులుతాయి. ఏ గేరులో ఎక్కుతారో ఆ గేరులోనే దిగండి. న్యూట్రల్‌లో వదిలి పెట్రోలు మిగిల్చే తెలివి వద్దు.

4. పని లేనప్పుడు పైనున్న క్యారియర్ తీసేయండి. ఖాళీగా ఉన్నా గాలికి అడ్డమే. పైన సామాను కడితే మలుపుల్లో బండి వాలుతుంది.

5. ముందు బిగించిన ఇనుప గార్డు దర్జాకే. ఇలాంటి వాటిపై చర్యలు తీసుకోమని 2017 డిసెంబరులో కేంద్ర రవాణా శాఖ రాష్ట్రాలకు చెప్పింది. బరువు సంగతి అటుంచి, గుద్దుకున్నప్పుడు ఎయిర్‌బ్యాగ్ సరిగా తెరుచుకోకపోవచ్చు.

6. బరువు తగ్గించాలని స్టెప్నీ, జాకీ ఇంట్లో పెట్టి పోకండి. కౌండిన్య అడవి పక్క దారిలో రాత్రిపూట పంచరైతే, అది ఏనుగులు తిరిగే చోటు.

7. సగం ట్యాంకుతో తిరగడం కూడా వృథా ప్రయాసే. పదిహేను లీటర్ల పెట్రోలు పదకొండు కిలోలే.

8. మదనపల్లె మార్కెట్ నుంచి టమాటా బాక్సులు తేక తప్పదంటే, డిక్కీలో వెనక సీటుకు ఆనించి, కదలకుండా కింద పెట్టండి. డ్రైవరు డోరు దగ్గరి స్టిక్కర్‌లో నిండు బరువుకు ఎంత గాలి పెట్టాలో ఉంటుంది. బయల్దేరే ముందు, టైర్లు చల్లగా ఉన్నప్పుడే, అంత పట్టించండి.