సాంబ మసూరికి పట్టు ఎండాకు తెగులు: మందుకంటె విత్తనమే రక్ష

కృష్ణా డెల్టాలో సార్వా పంటకు రైతులు మక్కువతో వేయు వరి రకములలో సాంబ మసూరి ముఖ్యమైనది. దీనిని బాపట్ల వ్యవసాయ పరిశోధన స్థానమున రూపొందించి, 1986వ సంవత్సరమున విడుదల చేసిరి. దీని సంఖ్య బీపీటీ 5204. ఇందలి బీపీటీ యను మూడక్షరములు బాపట్లను సూచించునవే. కోయంబత్తూరు వరియగు జీఈబీ 24, తైవాను దేశపు పొట్టి వరియగు తైచుంగ్ నేటివ్ 1, మలేషియానుండి వచ్చిన మసూరి అను మూడు రకముల కలయికవలన ఇది పుట్టినది. గింజ సన్నము, అన్నము మెత్తన, రుచి మేలు. అందుచేత అంగడిలో దీనికి మంచి ధర పలుకుచున్నది.

ఇన్ని గుణములుగల ఈ వరికి ఒక గొప్ప లోపము కలదు. ఎండాకు తెగులును ఇది తట్టుకొనజాలదు. తెగులు తీవ్రముగా సోకిన చేలలో దిగుబడి సగమువరకు తగ్గవచ్చును. అప్పు తెచ్చి పెట్టుబడి పెట్టిన రైతునకు, ముందుగా కౌలు చెల్లించిన కౌలుదారునకు ఈ నష్టము కోలుకొనరానిది. కావున ఈ తెగులు స్వభావమును, దీనికి శాస్త్రజ్ఞులు కనుగొన్న ఉపాయమును ప్రతి రైతును తెలిసికొనుట అవసరము.

తెగులును గుర్తించుట

తెగులు మొదట ఆకు కొననుండిగాని అంచునుండిగాని ప్రారంభమగును. నీటిలో తడిసినట్లు కనబడు చారలు ఏర్పడి, పిమ్మట పసుపు రంగుకు తిరిగి, అలలవంటి అంచుతో క్రిందికి వ్యాపించును. తుదకు ఆకు ఎండుగడ్డి రంగు పొందును. ఉదయవేళ చారలపై పాలవంటి చిన్న బొట్లు కానవచ్చును. ఎండ తగిలినంతనే అవి గట్టిపడి పసుపుపచ్చని పూసలవలె మారును. నాట్లు వేసిన కొలది దినములలోనే తెగులు సోకినచో మొక్క మొత్తము వాడి చచ్చును. రైతులు దీనిని కాండము తొలుచు పురుగు పని యని భ్రమపడుదురు. పురుగు తొలిచిన మొవ్వు లాగినంతనే ఊడి వచ్చును. ఈ తెగులు సోకిన మొక్క మొదలును నొక్కినచో పసుపు రంగు జిగురు కారును.

సందేహము కలిగినచో రైతు తన ఇంటనే పరీక్ష చేసికొనవచ్చును. తెగులు సోకిన ఆకునుండి పచ్చభాగమును ఎండిన భాగమును రెండును కలిసియున్న ముక్కను కోసి, గాజు గ్లాసులోని తేటనీటిలో కోసిన కొన మునుగునట్లు నిలుపవలెను. కొన్ని నిమిషములలో ఆ కొననుండి తెల్లని పొగవంటి ధార నీటిలోనికి దిగినచో అది ఎండాకు తెగులే.

తెగులునకు కారణము

జపాను దేశమున ఫుకువోకా ప్రాంతపు రైతులు 1884 ప్రాంతమున ఈ తెగులును గమనించిరి. భూమిలోని పులుపే దీనికి కారణమని ఆ కాలమున తలచిరి. తరువాత ఆకులపైని బొట్లలో కంటికి కనబడని సూక్ష్మజీవులు రాసులుగా నుండుట కనుగొనబడెను. జాంతోమోనాస్ ఒరైజే అను ఆ బాక్టీరియాయే తెగులునకు మూలము. మన దేశమున 1951లో బొంబాయి రాష్ట్రములో ఇది కానవచ్చినది. 1963లో బీహారులో ఉపద్రవముగా చెలరేగినది. పొట్టి వరులును అధిక ఎరువుల సేద్యమును వ్యాపించినకొలది తెగులు కూడ వ్యాపించినది.

ఈ బాక్టీరియా ఆకు అంచులయందలి సహజ రంధ్రములద్వారాను, గాలివానకు ఆకులు రాచుకొని కలిగిన గాయములద్వారాను లోపల ప్రవేశించును. నీటిని మోయు నాళములలో చేరి వృద్ధిపొంది, ఆ నాళములను పూడ్చివేయును. వేడియు తేమయు కలిసిన దినములు దీనికి అనుకూలములు. పంటకోసిన దుబ్బులలోను, పడిమొలచిన వరిలోను, గట్లపై గడ్డిజాతి మొక్కలలోను ఇది దాగి మరుసటి పైరుకు సంక్రమించును.

డెల్టా సేద్యపద్ధతి ఈ వ్యాప్తికి తోడ్పడుచున్నది. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తియైన నాటినుండియు, దాని స్థానమున 1957లో ప్రకాశము బ్యారేజి ఏర్పడిన పిమ్మటను, ఏలూరు, బందరు, కొమ్మమూరు మొదలగు కాలువలు లక్షల ఎకరములకు నీరందించుచున్నవి. పెక్కు గ్రామములలో ప్రతి చేనికిని వేరు బోదె లేదు. ఎగువ చేనినుండి గట్టు తెగగొట్టి దిగువ చేనికి నీరు వదలుదురు. ఆ నీటితోపాటు తెగులును దిగువకు ప్రవహించును. ఒక రైతు నిర్లక్ష్యము పది మంది రైతులకు నష్టమగుట ఇందువలననే.

యూరియావలన కలుగు హాని

పైరు పసుపు రంగుకు తిరుగుట చూచి, ఎరువు చాలలేదని తలచి, పలువురు రైతులు యూరియా చల్లుదురు. ఈ తెగులు విషయమున ఇంతకంటె పెద్ద పొరపాటు లేదు. నత్రజని ఎక్కువైన పైరు ఆకులు మెత్తబడి గుబురుగా పెరుగును. చేనిలో గాలి ఆడదు, తేమ నిలుచును, బాక్టీరియాకు ఆహారము సమృద్ధియగును. నాలుగు దినములు పచ్చబడినట్లు కానవచ్చినను, వారము గడచునప్పటికి తెగులు ఇనుమడించును. రైతు తన ధనమును వెచ్చించి తెగులును పోషించినట్లగును.

మందులును నమ్మదగినవి కావు. నాళములలోపల చేరిన బాక్టీరియాను ఆకుపై చల్లు మందు చేరుట కష్టము. రాగి మందులును, స్ట్రెప్టోమైసిన్ వంటి యాంటీబయాటిక్ మందులును చేనిలో నిలుకడగా గుణమిచ్చుటలేదు. అంతేగాక, మనుష్యుల రోగములకు వాడవలసిన ఔషధమును పొలములో చల్లుటవలన రోగకారక సూక్ష్మజీవులు ఆ ఔషధమునకు లొంగకుండ బలపడు ప్రమాదము కలదు. చేనిలో చల్లిన మందు ఇంటిలోని బిడ్డ జ్వరమునకు పనిచేయకుండ పోవుట ఎవరికిని ఇష్టము కాదుగదా. కావున ఈ తెగులునకు నిజమైన రక్ష విత్తనములోనే యుండవలెను.

అడవి వరినుండి వచ్చిన రక్షణ

పైరు లక్షణములను తరమునుండి తరమునకు అందించు సూక్ష్మాంశములను జన్యువులందురు. ఆఫ్రికాలోని మాలి దేశపు అడవి వరి యొకటి ఎండాకు తెగులునకు లొంగకుండుట కటకములోని కేంద్ర వరి పరిశోధన సంస్థలో కనుగొనబడెను. ఫిలిప్పీన్సులోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థవారు ఆ గుణమును సాగు వరిలోనికి తెచ్చిరి. దానికి కారణమగు జన్యువునకు ఎక్స్ఏ 21 అని పేరు. 1995లో అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞురాలు పమేలా రోనాల్డు బృందమువారు దానిని విడదీసి చూపిరి. తెగులును తట్టుకొనుటకు తోడ్పడు ఎక్స్ఏ 5, ఎక్స్ఏ 13 అను మరి రెండు జన్యువులు సాగు వరులలోనే దొరికినవి.

హైదరాబాదులోని సెల్యులార్ అండ్ మాలిక్యులర్ బయాలజీ కేంద్రమువారును, వరి పరిశోధన సంచాలకాలయమువారును (నేడు భారతీయ వరి పరిశోధన సంస్థ) కలిసి ఈ మూడు జన్యువులను సాంబ మసూరిలో చేర్చిరి. మూడు జన్యువులును గల వరితో సాంబను సంకరము చేసినపుడు పుట్టిన మొక్కలో సాంబ రక్తము సగమే. దానిని మరల మరల సాంబతో సంకరము చేసినకొలది పరాయి భాగము సగము చొప్పున తగ్గును. ఇట్లు నాలుగు మారులు చేసిన పిమ్మట సగటున నూటికి 97 వంతులు సాంబయే మిగులును.

ఇందు ఒక చిక్కు కలదు. ఎక్స్ఏ 5, ఎక్స్ఏ 13 జన్యువులు తల్లినుండియు తండ్రినుండియు రెండు వైపులను వచ్చినగాని తమ గుణమును పూర్తిగా చూపవు. మధ్య తరములలో అవి యున్నవో లేవో కంటితో చూచి చెప్పుట అసాధ్యము. అందుచేత లేతమొక్క ఆకు తునకను తీసి, ప్రయోగశాలలో జన్యువుల గుర్తులను పరీక్షించి, మూడును గల మొక్కలనే ఎన్నిక చేసిరి. బయటినుండి జన్యువును యంత్రములతో చొప్పించుట ఇందు లేదు. రైతులు చిరకాలముగా ఎరిగిన సంకర పద్ధతియే, గుర్తుల సాయముతో త్వరగాను నిశ్చయముగాను జరిగినది. ఇట్లేర్పడిన ఇంప్రూవ్డ్ సాంబ మసూరి, ఆర్‌పీ బయో 226 అను పేరుతో 2008లో విడుదలయ్యెను.

మూడు జన్యువులు పనిచేయు విధము

మొక్కలోని చక్కెరను కణమునుండి వెలికి వదలు తూములు కొన్ని కలవు. బాక్టీరియా దొంగ లస్కరువలె వచ్చి, దొంగ ఉత్తరువు చూపి, ఆ తూము తలుపెత్తించి చక్కెర త్రాగును. ఎక్స్ఏ 13 గల మొక్కలో ఆ తూమునకు తాళము మార్చబడియుండును. దొంగ ఉత్తరువు అచట చెల్లదు. ఎక్స్ఏ 5 గల మొక్కలో ఆ ఉత్తరువును అమలుజరుపు యంత్రాంగమే కొంచెము మారియుండుటచే బాక్టీరియా ఆజ్ఞలు సాగవు. ఎక్స్ఏ 21 వాకిటి కావలివానివంటిది. బాక్టీరియా విడుచు పదార్థమును పసిగట్టి, మొక్క తన రక్షణను మేల్కొల్పునట్లు చేయును. అయితే లేతనారులో ఈ కావలి బలము తక్కువ. మొక్క ముదిరినకొలది పూర్తి బలము పొందును.

ఒక్క జన్యువునే నమ్మినచో బాక్టీరియా కాలక్రమమున మారి దానిని దాటిపోవచ్చును. మూడును ఒకేసారి దాటుట మిక్కిలి కష్టము. మూడింటిని ఒక మొక్కలో కూర్చుటలోని ఉద్దేశ మిదియే.

కొత్త విత్తనపు గుణములును పరిమితులును

ఈ రకపు గింజ సన్నదనము, అన్నపు గుణము పాత సాంబను పోలియుండును. పంటకాలము ఏడు మొదలు పది దినములు తక్కువ. సార్వా వరి వెనుక మినుము చల్లు డెల్టా రైతులకు ఈ పది దినముల లాభము స్వల్పము కాదు.

భోజన విషయమున కూడ ఒక గుణము బయటపడినది. తిన్న ఆహారము రక్తములోని చక్కెరను ఎంత వేగముగా పెంచునో తెలుపు సంఖ్యను గ్లైసీమిక్ సూచిక యందురు. 55గాని అంతకు లోబడిగాని యున్నచో తక్కువగా నెంచుదురు. ఈ బియ్యమునకు 50.99గా లెక్కించిరి. ఐనను ఇది మధుమేహమునకు మందు కాదు. బియ్యపు పాలిషు, వండు విధము, తిను పరిమాణములనుబట్టి ఫలము మారును. మధుమేహ రోగులు వైద్యుని సలహా ననుసరించియే అన్నపు పాళ్ళు నిర్ణయించుకొనవలెను.

ఈ రకము తట్టుకొనునది ఎండాకు తెగులును మాత్రమే. అగ్గితెగులు, పొడతెగులు, దోమపోటు, కాండము తొలుచు పురుగు వీనికి పాత సాంబవలెనే జాగ్రత్తలు తీసికొనవలెను. తెగులు రాని సంవత్సరమున పాత సాంబకంటె విశేషమైన దిగుబడిని ఆశింపరాదు. తెగులు వచ్చిన యేట పంట దక్కుటయే దీని లాభము.

విత్తనమును సంపాదించుట, నిలుపుకొనుట

అంగడిలో సాంబ, సోనా మసూరి, బీపీటీ అను పేర్లు కలగాపులగముగా వాడబడుచున్నవి. గింజను చూచి పాత సాంబకును దీనికిని భేదము చెప్పజాలరు. కావున ఆర్‌పీ బయో 226 అను పేరు ధ్రువీకరణ చీటిపై యున్న విత్తనమునే కొని, రసీదు భద్రపరచవలెను. 2025 మే నెలలో ప్రకటింపబడిన డీఆర్ఆర్ ధాన్ 100 (కమల) కూడ సాంబనుండి పుట్టినదే. కాని అది జన్యు సవరణవలన గింజల సంఖ్యను పెంచుటకై ఏర్పడినది. ఎండాకు తెగులునకై యేర్పడినది కాదు. రెండింటిని ఒకటిగా భావింపరాదు.

ఆర్‌పీ బయో 226 హైబ్రిడు కాదు. రైతు తన పంటనుండి విత్తనము తీసి మరల వేసికొనవచ్చును. 2001 నాటి మొక్కల రకముల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టము కూడ రైతునకు ఆ హక్కు నిచ్చినది. అయితే పాత సాంబ గింజలు కలిసినచో ఏటేట రక్షణ పలచబడును. విత్తనమునకై చేని నడుమ భాగమును వేరుపరచి, పూతనాడును గింజ గట్టిపడునాడును కేళీలను, అనగా ఇతర రకపు మొక్కలను, వేళ్ళతో పెరికివేయవలెను. కోత, నూర్పు, ఆరబోత వేరుగా జరుపవలెను. కొన్నియేండ్ల కొకమారు కొత్త విత్తనము తెచ్చికొనుట మేలు.

రైతులు జ్ఞాపకముంచుకొనవలసిన విషయములు

1. ఏటేట ఎండాకు తెగులు వచ్చు చేలలో పాత సాంబకు బదులు ఆర్‌పీ బయో 226 విత్తనము వేయవలెను. మొదటి యేట కొంత భాగమున వేసి, పక్క చేనితో పోల్చి చూచుకొనవచ్చును.

2. తెగులు భయముగల చోట నాటునపుడు నారు కొనలు త్రుంచరాదు. ఆ గాయములే తెగులునకు ద్వారములు.

3. నత్రజనిని ఒక్కమారుగా వేయక, దమ్ములోను, దుబ్బు చేయునపుడును, అంకురము ఏర్పడునపుడును మూడు భాగములుగా వేయవలెను. పొటాషును మానరాదు.

4. తెగులు కనబడినంతనే యూరియా ఆపి, నీరు తీసివేసి చేనిని ఆరగట్టవలెను. ఆ నీటిని పొరుగు చేనిలోనికి గాక మురుగు కాలువలోనికి వదలవలెను.

5. తెగులు సోకిన చేనిలో నడచి, ఆకులు తడిగా నుండగా మంచి చేనిలోనికి పోరాదు.

6. గట్లపై గడ్డిని, పడిమొలచిన వరిని, పాత దుబ్బులను తొలగింపవలెను.

7. ఒకే బోదెక్రింది రైతులందరును కలిసి ఈ జాగ్రత్తలు పాటింపవలెను. నీరు ఒకటియైనపుడు తెగులును ఒకటియే, రక్షణయు ఒకటియే.