సహజభాషలో యంత్రాదేశము – తాత్పర్యనిర్ణయము

ప్రోగ్రాము వ్రాయనేరనివాడు తన వాడుకభాషలోనే కంప్యూటరును ఆజ్ఞాపింపవచ్చునా యను ప్రశ్న నూతనము కాదు. 1950వ దశకముననే అమెరికాలో గ్రేస్ హాపర్ అను విదుషి ఆంగ్లపదములతో ఆదేశములు వ్రాయు పద్ధతిని రూపొందించినది. దాని ప్రభావముననే 1959లో కోబాల్ భాషకు అంకురార్పణ జరిగినది. అయినను అందు పదములు మాత్రమే ఆంగ్లము, వాక్యరచన యంత్రనియమబద్ధము.

ఇచట బలమైన పూర్వపక్షమొకటి గలదు. సహజభాషలో యంత్రమును ఆజ్ఞాపింపబూనుట అవివేకమని డచ్చి శాస్త్రజ్ఞుడు డైక్‌స్ట్రా 1970వ దశకమున వాదించెను. సంకేతభాషల కట్టుబాటే అనేకదోషములను నివారించునని ఆయన హేతువు. ఇది త్రోసిపుచ్చదగినది కాదు. దీనికి సమాధానమును శాబ్దబోధప్రక్రియలో వెదకవలెను.

ఆంధ్రుడైన అన్నంభట్టు తర్కసంగ్రహమున ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి అను మూడింటిని వాక్యార్థజ్ఞానహేతువులుగా పేర్కొనెను. విశ్వనాథపంచాననుడు తాత్పర్యజ్ఞానమును గూడ చేర్చెను. వీనిలో ఆకాంక్షను యంత్రమునకు బోధించు మార్గము మన దేశముననే ఏర్పడినది. వినీత్ చైతన్య, రాజీవ్ సంగల్ ప్రభృతులు ‘అక్షర భారతి’ పేర పాణినీయ కారకవ్యవస్థ ననుసరించి భారతీయభాషావాక్యములను విశ్లేషించు విధానమును 1995లో గ్రంథస్థము చేసిరి. అందు క్రియ కేంద్రము, విభక్తులు కారకసూచకములు. కావున పదక్రమము మారినను బోధ చెడదు. తెలుగునకు ఇది మిక్కిలి అనుకూలము.

తాత్పర్యము అట్లు సులభసాధ్యము కాదు. ‘సైంధవము తెమ్ము’ అన్నచో భోజనవేళ ఉప్పును, ప్రయాణవేళ గుఱ్ఱమును తేవలెను. కంచరపాలెమున ఒక చిల్లరవర్తకుడు కంప్యూటరుతో “మూడు నెలలు దాటిన బాకీలు తియ్యి” అనెననుకొందము. పట్టిక తీసి చూపుమని అతని భావము. ‘తొలగింపుము’ అని యంత్రము గ్రహించినచో పోర్టు కూలీలకు, ఉక్కు కర్మాగారపు కార్మికులకు ఇచ్చిన అరువుల పద్దులన్నియు మాయమగును. ఆకాంక్షాదులు మూడును రెండర్థములకు సమానమే. మూడు నెలలు సరకు ఇచ్చిన దినమునుండియా, కడపటి చెల్లింపునుండియా యనునదియు సందేహమే. గుమాస్తాయైనచో అడిగి తెలిసికొనును.

2022 చివర చాట్‌జీపీటీ వెలువడిన పిమ్మట వ్యాప్తిచెందిన భాషాయంత్రములు తెలుగు వాక్యమును గైకొని తామే ప్రోగ్రామును వ్రాయుచున్నవి. అవి ప్రయోగబాహుళ్యమునుబట్టి అర్థమును ఊహించును. ఊహ పలుమార్లు ఫలించును. అయినను అది నిశ్చయము కాదు.

కావున సిద్ధాంతమిది: సహజభాషాదేశము నిషేధింపదగినది కాదు. అయితే సంశయస్థలమున యంత్రము తాను గ్రహించిన అర్థమును వాడుకతెలుగులోనే తిరిగి చెప్పవలెను. తొలగింపువంటి మరలింపరాని పనులను అనుమతి పొందిన పిదపనే చేయవలెను. అర్థము తప్పినచో నష్టపోవువాడు ప్రోగ్రామునెరుగని ఆ వర్తకుడే గదా.

ప్రాచ్యకళాశాలలకు ఇందు కర్తవ్యము గలదు. బిల్లు కొట్టుట ముద్రించుట. పద్దు కొట్టివేయుట తుడిచివేయుట. తీయు, కొట్టు, కట్టు, ఎత్తు మున్నగు బహ్వర్థకక్రియల వ్యవహారప్రయోగములను సందర్భసహితముగా సేకరించి, ఏ సందర్భమున ఏ యర్థము గ్రాహ్యమో నిర్ణయించుట శాస్త్రపరిచయము గలవారికి సాధ్యమైన పని.