చీరల కింద దాచిన కథ

సమస్య:

నా వయసు 38. కడియం దగ్గర ఒక ఊళ్లో ప్రభుత్వ పాఠశాల టీచర్ని. ఆరేళ్ల క్రితం ఒక కథా కార్యశాలలో నాకు ఇద్దరు స్నేహితురాళ్లు దొరికారు. ఒకామె ఇంట్లో బట్టలు కుడుతుంది. ఇంకొకామె బ్యాంకులో పనిచేస్తుంది, మా ఇద్దరికన్నా పెద్దది. నెలకు రెండు ఆదివారాలు బ్యాంకు అక్కయ్య వాళ్ల డాబా మీద కూర్చుని, రాసుకున్నవి ఒకరికొకరం చదివి వినిపించుకునేవాళ్లం. వంటిల్లు సర్దుకుని, పిల్లల్ని పడుకోబెట్టి రాసుకునే మాకు ఆ సాయంత్రాలే పెద్ద బలం.

కిందటేడు బట్టలు కుట్టే స్నేహితురాలు ఒక కథ రాసింది. పదేళ్ల తర్వాత తిరిగొచ్చిన కొడుక్కి తల్లి తలుపు తీయడంతో ముగించింది. "తలుపు తీయించకు. గడియ మీద చెయ్యి వేసేదాకా రాసి వదిలెయ్" అన్నాను. అలాగే మార్చింది. ఆ కథకి పోటీలో మొదటి బహుమతి వచ్చింది. సభలో మాట్లాడినవాళ్లంతా ఆ ముగింపునే మెచ్చుకున్నారు. తను మైకు ముందు భర్తకీ, అత్తగారికీ కృతజ్ఞతలు చెప్పింది. మూడో వరసలో కూర్చున్న నా పేరు ఎత్తలేదు.

"నీ బుర్రతో ఆవిడ పేరు తెచ్చుకుంది. ఇంకా ఎందుకు వెళ్తావు?" అంటున్నారు మా వారు. నేనూ డాబా మీదికి వెళ్లడం తగ్గించాను. ఇప్పుడు దీపావళి పోటీకి పంపడానికి కొత్త కథ రాసి, చదివి చెప్పమని నాకిచ్చింది. నలభై రోజులైంది. అది మా బీరువాలో చీరల కింద ఉంది. అడిగినప్పుడల్లా తీరిక లేదంటున్నాను. నిజానికి ఇచ్చిన రాత్రే చదివేశాను. చాలా బాగుంది. ఒక్కచోట మాత్రం తేలిపోయింది. ఎందుకు తేలిపోయిందో నాకు తెలుసు. గడువు ఇంకా పన్నెండు రోజులే ఉంది. ఈ నలభై రోజుల్లో నేనూ ఒక్క పేజీ రాయలేదు. ఈ స్నేహం మానుకోవాలా? ఆ ముగింపు నాదేనని అందరికీ చెప్పాలా?

— ఒక సోదరి

సలహా:

తల్లీ, బహుమతులూ సభలూ మాటపట్టింపులూ ఉన్న ఉత్తరాలు నాకు చాలానే వస్తాయి. నీ ఉత్తరంలో నేను ఆగిపోయింది చీరల కింద ఉన్న ఆ కాగితాల దగ్గర. రెండోసారి చదివినప్పుడూ అక్కడే ఆగాను.

ముందు నీ పక్షాన చెప్పాల్సింది చెబుతాను. ఆమె నీ పేరు చెప్పి ఉండాల్సింది. నీకు బాధ కలగడం న్యాయమే. కానీ ఒక్కటి ఆలోచించు. ఆమె భర్త పేరూ, అత్తగారి పేరూ ఎందుకు చెప్పింది? మన ఇళ్లలో ఆడది కలం పట్టాలంటే ముందు ఎవరెవరిని మెప్పించాలో నీకు వేరే చెప్పాలా? ఆ రెండు పేర్లూ చెప్పకపోతే రేపు రాయనివ్వరేమోనని భయపడి ఉండొచ్చు. కంగారులో మర్చిపోయి ఉండొచ్చు. ఏదైనా సరే, ఎదురుగా కూర్చుని ఆమెనే అడుగు. "ఆ రోజు నా పేరు చెబుతావనుకున్నాను, చెప్పకపోతే మనసు కష్టపడింది" అను. అంతకు మించి వద్దు. ఊరంతా చాటుకుంటే నీకు దక్కేదేమీ లేదు. స్నేహం మానుకోవడం గురించైతే అసలు మాట్లాడను.

ఇక ముగింపు సంగతి. నువ్విచ్చింది ఒక మాట. గొప్ప మాటే. ఆ తల్లిని పదేళ్లు ఎదురుచూసేలా చేసింది, ఆ చేతిని గడియ దాకా నడిపించింది ఆమె. మీ కడియంలో పుట్టిన చెళ్లపిళ్ల వెంకటశాస్త్రిగారిని తలుచుకో. ఆయనా దివాకర్ల తిరుపతిశాస్త్రిగారూ జంటగా అవధానాలు చేశారు. ఎవరు రాసిన పద్యమైనా తిరుపతి వెంకట కవుల పేరుతోనే వెలువరించారు. తిరుపతిశాస్త్రిగారు ముందు కన్నుమూశారు. ఆ తర్వాత దాదాపు ముప్పై ఏళ్లు బతికిన వెంకటశాస్త్రిగారు తానొక్కరే రాసినవాటికీ ఆ జంట పేరే పెట్టారు. స్నేహితుడు పోయాక కూడా ఆ పేరుని వదల్లేదాయన. మీరు ముగ్గురూ ఒకే పేరుతో రాయాలని నేననను. ఇచ్చినదాన్ని లెక్కగట్టుకోకపోవడం వాళ్లని చూసి నేర్చుకో అంటున్నాను.

ఇప్పుడు కోప్పడతాను, వినాలి. నలభై రోజులు అబద్ధం చెప్పావు. అసూయ కలిగిందని నిన్ను తప్పుపట్టను, రాసేవాళ్లలో అది కలగనివాళ్లు అరుదు. నీ తప్పు వేరే ఉంది. కథ ఎక్కడ తేలిపోయిందో తెలిసీ చెప్పలేదు. పెళ్లికి బయలుదేరిన స్నేహితురాలి చీర వెనక చిరిగి ఉంటే చెప్పకుండా పంపిస్తావా? రాసినవాళ్లకి తమ కథలో లోటు కనిపించదు. మనసులో ఉన్నదంతా కాగితం మీదికి వచ్చేసిందనే అనుకుంటారు. రాలేదని చెప్పడానికి ఇంకొకరు కావాలి. ఆ ఇంకొకరు మెప్పుకోసం మాట్లాడేవాళ్లు కాకూడదు, నొప్పించడానికి మాట్లాడేవాళ్లూ కాకూడదు. అలాంటి మనిషి ఎందరికి దొరుకుతుంది? ఆమెకి నువ్వు దొరికావు. దొరికి, దాక్కున్నావు.

ఇంకో సంగతి నువ్వే రాశావు గానీ గమనించినట్టు లేవు. ఆమె కథని బీరువాలో పెట్టిన రోజునుంచే నీ రాత కూడా ఆగిపోయింది. ఆగదా మరి? పక్కవాళ్ల కథలో తేలిపోయిన చోటు వెతికీ వెతికీనే నీ కథలో తేలిపోయిన చోటు పట్టుకోవడం నేర్చుకున్నావు. డాబా మీద ఆరేళ్లు చేసిన సాధన అదే. ఆమెకి చెయ్యి అందించడం మానేశాక నీ చెయ్యీ మొద్దుబారింది.

మీ వారి మీద నాకు కోపం లేదు. ఆయన మాటలో మన ఇళ్లన్నిటి తప్పూ ఉంది. పిల్లాడు మార్కులు తెచ్చుకుంటే "పక్కింటివాడికి ఎన్ని?" అని అడుగుతాం. ఇంకొకరు ముందుకెళ్తే మనం వెనకబడినట్టేనని అన్నంతో పాటు కలిపి పెట్టి పెంచుతాం. అన్నదమ్ముల మధ్య, తోడికోడళ్ల మధ్య ఎన్ని ఇళ్లు ఇలాగే చల్లారిపోయాయో చూశాను. తల్లిదండ్రులకి చేతులెత్తి చెబుతున్నాను, ఆ ప్రశ్న మానండి. ఇంట్లో ఒకరు రాస్తుంటే, ఎంత డబ్బొస్తుందని అడక్కుండా ఒక పేజీ చదివి వినిపించమని అడగండి. ఇంట్లో వినేవాళ్లు లేకే ఈ అమ్మాయిలు డాబా ఎక్కారు. ఆ డాబా కూడా వాళ్లకి లేకుండా చేయకండి.

మళ్లీ నీ దగ్గరికి వస్తాను తల్లీ. శ్రీశ్రీ 'మహాప్రస్థానం' 1950లో పుస్తకంగా వచ్చింది. అంకితం ఎవరికో తెలుసా? ధనవంతుడికీ, పదవిలో ఉన్నవాడికీ కాదు. 'ఉదయిని' పత్రిక నడిపి, చిన్నవయసులోనే పోయిన స్నేహితుడు కొంపెల్ల జనార్దనరావుకి. ఆయన ఆ పుస్తకం చూడలేదు. ఆ పుస్తకం చదివేవాళ్లకి ఆయన పేరు ఇవాళ్టికీ కనిపిస్తూనే ఉంది. నువ్వూ మీ స్నేహితురాలూ ఒకే ఊళ్లో, బతికి, ఎదురెదురుగా ఉన్నారు. ఇంత భాగ్యాన్ని బీరువాలో పెట్టకు.

ఈ రాత్రే ఆ కాగితాలు తియ్యి. తేలిపోయిన చోట పెన్సిల్‌తో గీత గీసి, ఎందుకో పక్కన రాయి. రేపు స్కూలు అవగానే నువ్వే ఇచ్చిరా. తీరిక లేదన్నది అబద్ధమనీ, మొదటి రాత్రే చదివాననీ, బాగుందనీ చెప్పు. ఆదివారం డాబా మీదికి నీ పేజీలు కూడా పట్టుకెళ్లు, సగం రాసినవైనా సరే. ఆమెని కూడా పెన్సిల్ తెచ్చుకోమను. పోటీకి రెండు కవర్లు వెళ్లాలి. పన్నెండు రోజులున్నాయి, చాలు.