స్పీకర్లు మార్చకండి, జరపండి

మంచి స్పీకర్లు కొని, హాల్లో టీవీకి అటొకటి ఇటొకటి గోడకు ఆనించి పెట్టేసి, "అనుకున్నంత లేదండీ" అంటూ కుర్రాళ్లు నా దగ్గరికి వస్తూనే ఉంటారు. వాళ్లకు చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను. మళ్లీ డబ్బు పోసేముందు ఒక కొలతల టేపు, కాస్త దారం, ఒక ఆదివారం దీనికి కేటాయించండి.

1. ముందు వైర్లు చూడండి. రెండు స్పీకర్లకూ ఎరుపు ఎరుపుకి, నలుపు నలుపుకి వెళ్లాలి. ఒకదానికి తారుమారైతే ఒక కోను ముందుకొచ్చినప్పుడు రెండోది వెనక్కి పోతుంది. బాస్ పలచబడుతుంది, గొంతు ఎటునుంచి వస్తోందో అంతుచిక్కదు. ఇది సరిగా లేకపోతే కింద చెప్పేవేవీ పనిచేయవు.

2. మూలల్లో పెట్టకండి. మూలలో బాస్ పెరిగే మాట నిజమే, కానీ పెరిగేది మోత. మృదంగం దెబ్బ దెబ్బగా వినపడక బొయ్యిమంటుంది. బాస్ వెనక్కి కూడా పోయి, గోడకు తగిలి తిరిగొస్తుంది. వూఫరు, అంటే బాస్ పలికే పెద్ద కోను, గోడకు 3 అడుగుల దూరంలో ఉంటే, సుమారు 94 హెర్ట్జ్ దగ్గర ఆ తిరిగొచ్చిన ధ్వని నేరుగా వచ్చేదానికి అడ్డుపడి దాన్ని తగ్గించేస్తుంది. బాస్ గిటారు జి తీగ పలికేది దాదాపు అక్కడే, 98 దగ్గర. దూరం 2 అడుగులకు తగ్గిస్తే ఆ లోటు 141 దగ్గరికి జరుగుతుంది. లోటును పూర్తిగా తప్పించలేం, ఎక్కడ పడాలో నిర్ణయించగలం. వెనక గోడకూ పక్క గోడకూ ఒకే దూరం ఉంచితే రెండు లోట్లూ ఒకేచోట పడతాయి. వెనక 3 ఉంటే పక్కన 2 ఉంచండి.

3. రెండు స్పీకర్లూ మీరూ సమబాహు త్రిభుజంలా ఉండాలి. వాటి మధ్య 7 అడుగులైతే మీకూ వాటికీ కూడా 7. కంటితో చూసి సరిపోయిందనుకోకండి. ట్వీటరు (పై స్థాయి ధ్వనులు పలికే చిన్న భాగం) నుంచి మీ తల ఉండే చోటుదాకా దారం పట్టి కొలవండి. ఒకటి జానెడు దగ్గరగా ఉన్నా దాని ధ్వని సెకనులో వెయ్యోవంతులో సుమారు మూడింట రెండొంతులు ముందు చేరుతుంది. ఆ మాత్రానికే పాడేవాడు నడిమధ్య వదిలేసి దగ్గరి స్పీకరువైపు పోతాడు.

4. సోఫాను గోడకు ఆనించడం మనకు అలవాటు. వినేవాడికి అది చెడ్డచోటు, గోడ దగ్గర బాస్ పోగుపడుతుంది. గది సరిగ్గా మధ్యా పనికిరాదు. 14 అడుగుల పొడవున్న హాల్లో 40 హెర్ట్జ్ దగ్గర బాస్ అక్కడ దాదాపు మాయమవుతుంది. వెనక గోడకు 5 అడుగుల చిల్లర దూరంలో కుర్చీ వేసుకుని మొదలుపెట్టండి. అటూ ఇటూ జరుపుతూ విని తేల్చుకోండి.

5. ఇక స్పీకరును ఎంత లోపలికి తిప్పాలన్నది. టో-ఇన్ అంటారు దీన్ని. నేను అన్నిటికంటే ఎక్కువసేపు కూర్చునేది దీనిమీదే. అంగుళం ట్వీటరు కూడా 10,000 హెర్ట్జ్ దాటాక ధ్వనిని ముందువైపుకే ఎక్కువగా పంపుతుంది. అందుకే కోణం కొంచెం మారినా తాళం, తంబురా, గాయకుడి ఊపిరి మారిపోతాయి. మొదట రెంటినీ సూటిగా ముందుకు పెట్టండి. తెలిసిన గొంతు వింటూ వేలెడు వేలెడు చొప్పున లోపలికి తిప్పండి. వెడల్పుగా పరుచుకున్న గొంతు క్రమంగా ఒకచోట నిలబడుతుంది. ఇంకా తిప్పితే చెవికి గుచ్చుతుంది, అక్కడినుంచి కాస్త వెనక్కి రండి. కుర్చీలోంచి చూస్తే స్పీకరు లోపలి పక్క సన్నని పట్టీలా కనబడాలి. చాలా స్పీకర్లకు నేను ఆగేది అక్కడే. రెండువైపులా ఆ పట్టీ సమానంగా ఉండాలి.

ఇంటిల్లిపాదీ వరసగా కూర్చుని వినే ఇల్లయితే ఇంకా లోపలికి తిప్పి, రెంటి చూపూ మీ ముందే కలిసేలా పెట్టండి. ఎడమ చివర కూర్చున్నవాళ్లకు దగ్గరి స్పీకరు ముఖం తిప్పుకుంటుంది, దూరపుది వాళ్లనే చూస్తుంది. దగ్గరితనం వల్ల వచ్చే తేడా చాలావరకు సర్దుకుంటుంది. అమ్మానాన్నలకు కూడా పాట సరిగా వినిపించాలంటే ఇదే పద్ధతి.

6. ట్వీటరు చెవి ఎత్తులో ఉండాలి. చాపమీద కూర్చుని వినేవాళ్లు పొడుగు స్టాండ్లు కొనకండి.

7. పరీక్షకు పాత ఘంటసాల పాట పెట్టండి. అవి మోనో రికార్డింగులు, అందుకే గొంతు రెండు స్పీకర్ల నడుమ ఖాళీలోంచి రావాలి. తర్వాతి కాలంలో స్టీరియోలా మార్చిన కాపీలు దీనికి పనికిరావు. ఆ తర్వాత కర్ణాటక కచేరీ రికార్డు ఒకటి వినండి. వేదికమీద మామూలుగా సభకు ఎడమవైపు మృదంగం, కుడివైపు వయొలిన్ ఉంటాయి. రికార్డింగు ఆ ప్రకారం చేసి ఉంటే మీకూ అలాగే వినిపించాలి.

8. మన ఇళ్లలో గచ్చు గ్రానైటో టైల్సో, గోడలు సిమెంటు పూతవి. చప్పట్లు కొడితే గది జవాబు చెబుతుంది. మీరు కుర్చీలో కూర్చుని, పక్క గోడవెంట ఎవరిచేతనైనా అద్దం జరిపించండి. అద్దంలో ట్వీటరు కనబడ్డచోట పుస్తకాల అలమరో మందపాటి పరదానో ఉండాలి. స్పీకర్లకూ మీకూ మధ్య నేలమీద వరంగల్ జంపఖానా పరవండి. అది పై స్థాయి మెరుపును తగ్గిస్తుంది, బాస్‌ను మాత్రం ఏ జంపఖానా ఆపలేదు. దానికి పైన రెండో అంశంలో చెప్పిందే దిక్కు.

9. అంతా కుదిరాక స్పీకర్ల నాలుగు మూలల దగ్గరా నేలమీద రంగు టేపు అంటించండి. ఇల్లు తుడిచేటప్పుడు ఎవరో ఒకరు జరపకుండా ఉండరు. మళ్లీ అదే గుర్తుమీదికి తెచ్చిపెట్టుకోవడానికి నిమిషం చాలు.