పద్దెనిమిదేళ్లు నిండుతున్నాయా? కిడ్నీ వైద్యం మధ్యలో ఆగనివ్వకండి

డాక్టర్ ఎన్టీఆర్ వైద్యసేవ, ఎన్టీఆర్ భరోసా పింఛను లబ్ధిదారులకు అవగాహన పాఠం

చిన్నప్పటి నుంచి కిడ్నీ జబ్బుకు మందులు వాడుతున్నారా? డయాలసిస్ చేయించుకుంటున్నారా? కిడ్నీ మార్పిడి జరిగిందా? అయితే ఈ పాఠం మీకోసమే. అమ్మానాన్నలు కూడా పక్కన కూర్చుని చదవండి.

ఇన్నాళ్లూ పిల్లల డాక్టరు చూశారు. ఇకమీదట పెద్దల నెఫ్రాలజీ ఓపీకి వెళ్లాలి. కొన్ని ఆస్పత్రుల్లో ఈ మార్పు 18 ఏళ్లకు, కొన్నిచోట్ల అంతకంటే ముందే ఉంటుంది. కాలేజీ, హాస్టల్, ఉద్యోగం, పెళ్లి మాటలు కూడా సరిగ్గా అప్పుడే వస్తాయి. ఆ హడావుడిలో చెకప్ తప్పిపోతుంది, మందు అయిపోతుంది.

ప్రమాదం ఎక్కడుంది?

కిడ్నీ జబ్బు ముదిరేదాకా నొప్పి ఉండకపోవచ్చు. 'బాగానే ఉన్నాను కదా' అనిపిస్తుంది. మార్పిడి జరిగినవారు మందు మానేస్తే శరీరం కొత్త కిడ్నీని పరాయిదిగా భావించి దెబ్బతీస్తుంది. అది అమ్మ ఇచ్చిన కిడ్నీ అయినా అంతే. ఈ నష్టం మొదట పైకి తెలియదు, రక్తపరీక్షలో క్రియాటినిన్ పెరిగితేనే బయటపడుతుంది.

ఓసారి ఓపీలో 19 ఏళ్ల అబ్బాయిని 'ఏ మందులు వాడుతున్నావు?' అని అడిగాను. అతను వాళ్లమ్మ వైపు చూశాడు. ఆమె గడగడా చెప్పేసింది. మరి ఆమె పక్కన లేని రోజు?

ఏం చేయాలి?

1. 14, 15 ఏళ్ల నుంచే మొదలుపెట్టండి. మీ జబ్బు పేరు, మందుల పేర్లు, వేసుకునే వేళలు మీరే నేర్చుకోండి. డాక్టరుతో కాసేపు ఒంటరిగా మాట్లాడండి.

2. పిల్లల డాక్టరు దగ్గర కేసు సారాంశం రాయించుకోండి. జబ్బు, ఆపరేషన్లు, బ్లడ్ గ్రూపు, పడని మందులు, టీకాలు, తాజా పరీక్షలు అందులో ఉండాలి. డయాలసిస్ వారైతే డ్రై వెయిట్, ఫిస్టులా ఏ చేతికి ఉందో కూడా రాయించాలి. ఆ చేతికి బీపీ చూడనివ్వకండి, సూది గుచ్చనివ్వకండి. సారాంశాన్ని ఫోన్లో ఫొటో తీసి ఉంచుకోండి.

3. పిల్లల విభాగం వదలకముందే పెద్దల ఓపీలో తేదీ తీసుకోండి. అప్పటిదాకా సరిపడా మందులు అడగండి. డయాలసిస్ వారు కొత్త సెంటర్లో చోటు ఖాయం కాకుండా పాత సెంటర్ మానవద్దు.

4. ఒళ్లునొప్పులకు డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి మాత్రలు సొంతంగా కొని వేసుకోకండి. కిడ్నీకి చేటు.

5. పెళ్లి, పిల్లల ఆలోచన ఉంటే ముందే డాక్టరుకు చెప్పండి. కొన్ని మందులు గర్భంలోని బిడ్డకు హాని చేస్తాయి. ముందుగా మార్చుకోవాలి.

కాగితాలు సరిచూసుకోండి

బియ్యం కార్డులో మీ పేరు ఉందా? 15 ఏళ్లు నిండాక ఆధార్‌లో వేలిముద్రలు, ఐరిస్, ఫొటో అప్‌డేట్ చేయించారా? లేకపోతే ఆస్పత్రిలో వేలిముద్ర పడక ఆగిపోవచ్చు. డయాలసిస్ చేయించుకునేవారికి నెలకు 10,000 రూపాయల పింఛను ఉంది. చదువుకో, పెళ్లయ్యో ఊరు మారితే కార్డు, పింఛను మార్పుల గురించి బయలుదేరకముందే గ్రామ లేదా వార్డు సచివాలయంలో అడగండి. కొత్త ఆస్పత్రిలో ముందు ఆరోగ్యమిత్రను కలవండి. సందేహముంటే 104కు ఫోన్ చేయండి.

అమ్మానాన్నలకు ఒక మాట

బాధ్యత ఒక్కరోజులో అప్పగించకండి. మందుల డబ్బా వారి చేతికివ్వండి, కొన్నాళ్లు మీరు వెనక నుంచి చూడండి. ఒక పూట మరిచిపోతే తిట్టకండి. తిడితే తర్వాతిసారి దాచేస్తారు. దాచిన విషయం డాక్టరుకూ తెలియదు.

ఈరోజే చేయాల్సిన పని ఒక్కటే. మీ మందుల పేర్లు ఎవర్నీ అడగకుండా ఒక కాగితం మీద రాయండి. రాయలేకపోతే అక్కడి నుంచే మొదలుపెట్టండి.