చేపను బట్టి గాలం, గాలాన్ని బట్టి కర్ర
ఏటి ఒడ్డున, కాలువ గట్టున చేపలు పట్టే రైతులు సామాను ఎంచుకోవడంలో మెలకువలు

నాట్లు పూర్తయి కలుపుతీతకు ఇంకా వ్యవధి ఉన్న రోజుల్లో గానీ, కోతలయ్యాక చేతిలో పని లేని రోజుల్లో గానీ గాలం పుచ్చుకుని కాలువ గట్టుకు పోయే అలవాటు మన పల్లెల్లో చాలామందికి ఉంది. అదృష్టం బాగుంటే ఆ పూట కూరకు కొదవుండదు. ఎకరం, అరెకరం ఉన్న కుటుంబానికి ఇది చిన్న విషయం కాదు. అయితే చేతిలో డబ్బు ఆడినప్పుడు పట్నం వెళ్లి, దుకాణంలో తళతళలాడే కర్రనో చక్రాన్నో చూసి మోజుపడి కొనుక్కొచ్చేవారు ఉన్నారు. నెల తిరక్కుండానే అది అటకెక్కుతుంది. ‘ఇంత పెట్టి కొన్నా ఒక్క చేపా పడలేదు’ అని వాపోతారు. లోపం కర్రలో లేదు. కొనే వరుసలో ఉంది.

విత్తనం ఎంచేముందు నేల చూస్తాం కదా! ఇక్కడా అంతే. ముందు మీ ఏట్లో ఏ చేప ఉందో చూడాలి. దాని నోటిని బట్టి గాలం ముల్లు, బలాన్ని బట్టి దారం, ఆ దారానికి తగ్గ కర్ర. ఈ వరుస తిరగబడితే పెట్టిన డబ్బు ఏట్లో పోసినట్లే.

ముందు చేపను తెలుసుకోండి

బొచ్చె పైనీటిలో తిరుగుతుంది. శీలావతి నడిమి నీటిలో మేస్తుంది. మోసు అడుగున బురదలో వెతుక్కుంటుంది. జెల్లలు కూడా అడుగునే ఉంటాయి. కొరమేను గడ్డి, తూడు ఉన్న నిలవ నీటిలో పొంచి ఉండి కప్పల్నీ చిన్న చేపల్నీ పట్టుకుంటుంది. వాలుగ లోతు మడుగుల్లో ఉంటుంది, దాని నోరు పెద్దది, పళ్లు వాడివి. పరిగెలు ఒడ్డువార గుంపులుగా తిరుగుతాయి. ఇప్పుడు తిలాపియా లేని కాలువ అరుదు.

పులస కోసమని సామాను కొనకండి. వరదల కాలంలో అది సముద్రం నుంచి గోదావరికి ఎదురీది ధవళేశ్వరం దిగువ వరకు వచ్చే మాట నిజమే. కానీ నీటిలో కంటికి ఆనని జీవాలను తిని బతికే చేప అది. వలకు పడుతుందే గానీ గాలానికి ఆశపడదు.

గాలం ముల్లు: నంబర్లతో తికమక పడొద్దు

ముల్లు నంబరు పెరిగేకొద్దీ ముల్లు చిన్నదవుతుంది. 16వ నంబరు చాలా చిన్నది, 4వ నంబరు దానికంటే ఎంతో పెద్దది. 1వ నంబరు దాటాక లెక్క మారుతుంది. 1/0, 2/0, 3/0 అని రాస్తారు. ఇక్కడ అంకె పెరిగితే ముల్లూ పెరుగుతుంది. ఇది తెలియక ‘పెద్ద నంబరు ఇవ్వండి’ అని అడిగి పరిగెల ముల్లు తెచ్చుకుని వాలుగ కోసం కూర్చునేవారున్నారు.

మన నీళ్లలో సుమారుగా ఇలా ఎంచుకోవచ్చు.

పరిగెలు: 14 నుంచి 16వ నంబరు ముల్లు, 0.15 నుంచి 0.20 మిల్లీమీటర్ల దారం. ఎరగా గోధుమపిండి ముద్ద లేదా చిన్న ఎర్ర ముక్క.

జెల్ల, తిలాపియా: 8 నుంచి 10వ నంబరు, 0.25 దారం. ఎర్రలు.

శీలావతి, మోసు: 4 నుంచి 6వ నంబరు, 0.30 నుంచి 0.35 దారం. తవుడు, వేరుశనగ చెక్క కలిపిన ముద్ద.

కొరమేను: 1/0 నుంచి 3/0, 0.40 దారం. చిన్న చేప.

వాలుగ: 3/0 నుంచి 5/0, 0.50 దారం. చేప ముక్క, కోడి పేగులు. దీని పళ్లకు దారం కోసుకుపోతుంది కనుక ముల్లుకూ దారానికీ మధ్య జానెడు సన్న ఉక్కు తీగ వేయాలి.

ఎర్రల కోసం ఎక్కడికో పోనక్కర్లేదు. పేడ గొయ్యి పక్కన తడి మట్టిలో రెండు దెబ్బలు తవ్వితే చాలు. కొనేటప్పుడు ముల్లు మొనను గోటి మీద మెల్లగా జరిపి చూడండి. గుచ్చుకుని ఆగితే పదును ఉన్నట్లు, జారిపోతే లేనట్లు. తుప్పు పట్టిన ముల్లు ఊరికే ఇచ్చినా తీసుకోవద్దు.

దారం: బక్కెటతో పరీక్ష

గాలానికి ఇప్పుడు అందరూ వాడేది ఒంటి పోగు నైలాన్ దారమే. చుట్ట మీద మందం, మోయగల బరువు రాసి ఉంటాయి. నాణ్యతను బట్టి తేడా ఉన్నా, సుమారుగా 0.20 దారం 3 కిలోలు, 0.30 దారం 6 కిలోలు, 0.40 దారం 10 కిలోలు ఆపుతుంది. ముడి వేసిన చోట బలం కొంత తగ్గుతుంది. కనుక రాసిన బరువులో నాలుగో వంతు తీసేసి లెక్క వేసుకోవడం మంచిది.

రాసినదాన్ని నమ్మడమెందుకు, ఇంట్లోనే చూసుకోండి. లీటరు నీరు కిలో తూగుతుంది. బక్కెటలో 4 లీటర్లు పోసి, దాని చేతికి దారం కట్టి, రెండో కొసను కర్రకు చుట్టి మెల్లగా ఎత్తండి. బక్కెట బరువుతో కలిపి నాలుగున్నర కిలోలదాకా ఉంటుంది. 0.30 దారం దీనికి తెగితే అది పాతదో, నాసిరకమో అయివుంటుంది. ఎండలో పడి ఉన్న నైలాన్ పైకి బాగానే కనిపించినా లోపల చచ్చిపోతుంది. దుకాణం అద్దంలో ఎండకు వేలాడే చుట్ట వద్దని చెప్పి, లోపల పెట్టెలోది అడగండి.

ముడి వేసే తీరు కూడా ముఖ్యమే. దారం కొసను ముల్లు కన్నంలోంచి తీసి, అసలు దారం చుట్టూ ఐదారు మెలికలు తిప్పండి. కొసను వెనక్కి తెచ్చి కన్నం దగ్గరి చిన్న సందులోంచి దూర్చండి. అలా దూర్చినప్పుడు ఏర్పడే పెద్ద సందులోంచి మళ్లీ తీయండి. ముడిని నీటితో తడిపి మెల్లగా బిగించండి. తడపకుండా గుంజితే రాపిడికి వేడెక్కి దారం అక్కడే బలహీనమవుతుంది. పెద్ద చేప పోయిందని బాధపడేవారిలో చాలామందికి పోయేది ముడి దగ్గరే.

బెండు, సీసం

బెండుకు జీలుగు బెండు ముక్క చాలు. చేప చిన్నగా కొరికినా మునిగేంత చిన్నదిగా ఉండాలి. పెద్ద బెండు కట్టుకుంటే చేప లాగినప్పుడు బరువు తెలిసి ఎర వదిలేస్తుంది. బెండు నిలువుగా నిలిచి, కొన మాత్రం పైకి కనిపించేలా సీసం గుండ్లు సరిచూసుకోవాలి. సీసాన్ని పళ్లతో నొక్కే అలవాటు మానుకోండి, అది విషం. పటకారుతో నొక్కండి. సీసం దొరక్కపోతే చిన్న ఇనుప నట్టు కట్టినా పని జరుగుతుంది.

మోసు, జెల్లల కోసమైతే ఎర అడుగుకు తగలాలి. శీలావతికి నడిమి నీటిలో ఉండాలి. ముందు ముల్లుకు బరువు కట్టి వదిలి లోతు చూసుకుని, దాన్ని బట్టి బెండును పైకో కిందికో జరపాలి.

కర్ర: వంగేదే మంచిది

గట్టిగా ఉన్న కర్రే బలమైనదని అనుకోకండి. దూడ ఒక్కసారిగా లాగినప్పుడు పగ్గాన్ని బిగబట్టి ఉంచితే తెగుతుంది, చెయ్యి కొంచెం ముందుకిస్తే ఆగుతుంది. కర్ర చేసే పని కూడా అదే. చేప గుంజినప్పుడు అది వంగి ఆ గుంజుడును తాను తీసుకుంటుంది, దారాన్ని కాపాడుతుంది. అందుకే సన్న దారానికి మెత్తని కర్ర, లావు దారానికి బిరుసు కర్ర. సన్న దారం బిరుసు కర్రకు కడితే తెగుతుంది. లావు దారం మెత్తని కర్రకు కడితే కర్ర విరుగుతుంది.

చిన్న, మధ్య రకం చేపలకు సొంతంగా చేసుకున్న వెదురు కర్రను మించింది లేదు. కాలువ గట్టు మీదికి 10 నుంచి 12 అడుగులు సరిపోతుంది. లోపల బోలు తక్కువగా ఉండే సాధనపు వెదురు మేలు. రెండు మూడేళ్లు ముదిరిన గడను వానలు వెనకబట్టాక, చలికాలంలో కొట్టాలి. వానల్లో కొట్టినదానికి పురుగు త్వరగా పడుతుంది. కణుపులు చెక్కి, కొస కిందికి వచ్చేలా నీడలో వేలాడదీసి, కొసకు చిన్న రాయి కట్టి నెల రోజులు ఆరనివ్వండి. వంకర పోతుంది. దారం పొడవు కర్ర పొడవుకు సమానంగా ఉంటే చేప చేతికి అందుతుంది.

కర్ర కొనాల్సిందే అనుకుంటే రెండు రకాలు దొరుకుతాయి. గాజు నారతో చేసిన ఫైబర్ కర్ర కాస్త బరువుగా ఉన్నా మొరటు వాడకానికి ఆగుతుంది, ధర తక్కువ. కార్బన్ కర్ర తేలికే గానీ రాయికి తగిలితే పగులుతుంది. పైగా దానిలో కరెంటు ప్రవహిస్తుంది. కొసను పట్టి వంచి చూడండి, ఉంగరాలు దారాన్ని కోయకుండా నున్నగా ఉన్నాయో లేదో వేలితో తడిమి చూడండి.

ఈకల ఎర మనకు పనికొస్తుందా?

పుస్తకాల్లో, టీవీలో ఫ్లై రాడ్డుతో చేపలు పట్టడం చూసి అడిగేవారున్నారు. ఈకలు, దారంతో పురుగులా కట్టిన ఆ ఎరకు బరువు ఉండదు. కనుక దారాన్నే బరువుగా చేస్తారు. కర్రను వెనక్కీ ముందుకీ ఊపితే దారం బరువు ఎరను దూరం తీసుకుపోతుంది. రాడ్డు మీది నంబరు ఏ బరువు దారం వేయాలో చెబుతుంది. ట్రౌటు చేపకు సాధారణంగా 4 నుంచి 6 వాడతారు. కశ్మీరు, హిమాచల్ చల్లని తేట నీటి ఏళ్లలో, పైకి వచ్చి పురుగుల్ని కంటితో చూసి పట్టే ట్రౌటుకు అది తగిన సామాను. మన గోదావరి ఎర్రనీటిలో జెల్లలు, మోసులు అడుగున వాసనతోనూ మీసాలతోనూ మేత వెతుక్కుంటాయి. వాటికి ఈకల పురుగు కనపడనే కనపడదు. సామాను మంచిదే, మన చేపకు తగినది కాదు.

ఎప్పుడు ఆపాలి?

జూన్ నుంచి సెప్టెంబరు వరకు, ముఖ్యంగా వరదనీరు వచ్చే రోజుల్లో, బొచ్చె, శీలావతి, మోసు గుడ్లు పెడతాయి. అప్పుడు పొట్ట ఉబ్బి ఉన్న చేప పడితే వదిలేయండి. విత్తనం గింజలు వండుకు తినే రైతు ఉండడు కదా!

కొరమేను సంగతి మరీ ముఖ్యం. నిలవ నీటి మీద ఎర్రటి పిల్లల గుంపు మరుగుతున్నట్లు కదులుతుంటే, కింద పెద్ద చేప కాపలా ఉందని అర్థం. ఆ గుంపు మీద ఎర ఆడించి కాపలా చేపను పట్టడం తేలిక. కానీ అది పోయిన గంటల్లోనే పిల్లల్ని ఇతర చేపలు తినేస్తాయి. ఒక పూట కూర కోసం వచ్చే ఏటి గుంపంతా పోతుంది.

వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు గుంటల్లో మిగిలిన చేపల మీద మందు చల్లేవారు, తోటాలు పేల్చేవారు ఉంటారు. 1897 నాటి చేపల చట్టం నుంచీ ఇది నేరమే. పురుగుమందు కొట్టిన చేలోంచి నీరు దిగే మురుగు కాలువలో చేపలు పట్టకండి. తేలిన చేపను ఇంటికి తేవద్దు. ఊరి చెరువు సాధారణంగా మత్స్యకారుల సంఘం కౌలులో ఉంటుంది. వారిని అడగకుండా గాలం వేయడం వాళ్ల కూటికి ఎసరు పెట్టడమే. ఏట్లో, జలాశయంలో పట్టేందుకు ముందు మత్స్యశాఖ వారిని విచారించండి.

ప్రాణం ముందు, చేప తర్వాత

కర్ర ఎత్తేముందు తలెత్తి చూడండి. కాలువ గట్ల మీద కరెంటు తీగలు ఉంటాయి. తడిసిన వెదురు కూడా ప్రమాదమే, కార్బన్ కర్ర సంగతి చెప్పనక్కర్లేదు. బ్యారేజీ దిగువన గేట్లు ఎత్తితే నీరు ఒక్కసారిగా పెరుగుతుంది, ఇసుక తిన్నెల మీద కూర్చోవద్దు. జెల్ల, ఇంగిలాయి ముళ్లు గుచ్చుకుంటే ఓర్చుకోగలిగినంత వేడినీటిలో చెయ్యి ఉంచండి, నొప్పి తగ్గుతుంది. వాపు పెరిగితే ఆసుపత్రికి వెళ్లాలి. తెగిన దారం ముక్కల్ని గట్టున పారేయకుండా జేబులో వేసుకుని రండి. నైలాన్ ఏళ్ల తరబడి కుళ్లదు. గడ్డితో పాటు అది గేదె కడుపులోకి పోతే నష్టం మీకే.

మొదటిసారి కొనేవారికి

సొంత వెదురు కర్ర ఒకటి, 0.30 దారం 100 మీటర్ల చుట్ట ఒకటి, 6వ, 10వ నంబరు ముళ్లు పదేసి, కాస్త సీసం, జీలుగు బెండు, పటకారు ఒకటి. ఇంతే. దీనితో ఒక కారు గడిపాక మీ ఏట్లో ఏ చేప ఎక్కువగా పడుతోందో మీకే తెలుస్తుంది. చక్రం, కొనుగోలు కర్ర అవసరమా కాదా అన్నది అప్పుడు ఆలోచించండి.